జాన్ హంటర్ గుండె ముందే చెప్పింది

మశూచి టీకా అనగానే మనందరికీ ఎడ్వర్డ్ జెన్నర్ గుర్తొస్తాడు. చిన్నప్పటి సైన్స్ పాఠంలో చదువుకున్నాం. ఆ జెన్నర్‌కి ఒక గురువు ఉన్నాడు. ఆయన పేరు జాన్ హంటర్. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ఆయన్ని మించిన సర్జన్ లేడని పేరు. ఇంజనీరింగ్ కాలేజీ పత్రికలో సర్జన్ గురించి ఎందుకు అంటారేమో. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆయన కథంతా పైపుల కథే, రక్తం పారే పైపుల కథ. రెండు, ఈరోజు స్టెంట్ వేయించుకునే ముందు మనవాళ్లు చెప్పే లక్షణాలన్నీ ఆయనకి వచ్చాయి. ఒక్కోటీ ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అన్నది రికార్డయి ఉంది. ఆయన జీవితం చదివాక నాకు ఆ లక్షణాలు పుస్తకంలో లిస్టులాగా కాకుండా ఒక మనిషి కథలాగా గుర్తుండిపోయాయి. అందుకే రాస్తున్నాను.

హంటర్ 1728 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లో, గ్లాస్గోకి దగ్గర్లోని లాంగ్ కాల్డర్‌వుడ్ అనే పల్లెలో పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. బడి చదువు అస్సలు ఎక్కలేదు. పదమూడేళ్ల వయసుకే బడి మానేశాడు. పొలాల వెంట తిరుగుతూ చీమలు, పిట్టలు, గడ్డి, ఆకులు గమనించడమే పని. మన ఊళ్లలో అయితే పనికిరాని పిల్లాడు అని ముద్ర వేసేసేవాళ్లు. అన్న విలియం హంటర్ అప్పటికే లండన్‌లో శరీర నిర్మాణ శాస్త్రం నేర్పే స్కూల్ పెట్టాడు. 1748లో ఇరవయ్యేళ్ల తమ్ముడు అన్న దగ్గరికి వెళ్లాడు. అక్కడ శవాలు కోసి విద్యార్థులకి చూపించడానికి సిద్ధం చేసే పని ఇచ్చారు. ఆ చేతికి దేవుడిచ్చిన నేర్పు ఉందని కొద్దిరోజుల్లోనే తేలిపోయింది. పదకొండేళ్ల పైచిలుకు ఆ గదిలోనే గడిపాడు. వేల శరీరాలు చూశాడు. ఆ శవాలన్నీ సక్రమంగా వచ్చినవి కావు, చాలావరకు సమాధుల్లోంచి దొంగతనంగా తవ్వి తెచ్చినవి. ఆ కాలం వైద్యం ఆ పునాది మీదే నిలబడింది, హంటర్ కూడా అందుకు మినహాయింపు కాదు.

తర్వాత సైన్యంలో సర్జన్‌గా చేరాడు. 1761లో ఫ్రాన్స్ తీరంలోని బెల్ ఈల్ ద్వీపం మీద దాడికి వెళ్లిన బ్రిటిష్ సేనతో వెళ్లాడు. అప్పటి పద్ధతి ఏంటంటే, తుపాకి గుండు తగిలితే గాయాన్ని ఇంకా పెద్దగా కోసి, వేళ్లు పెట్టి వెతికి గుండు బయటికి తీయడం. అక్కడ కొందరు ఫ్రెంచ్ సైనికులు గాయాలతో దాక్కుని, ఏ వైద్యమూ అందకుండానే కోలుకోవడం హంటర్ చూశాడు. అనవసరంగా కోయకపోవడమే మేలని అర్థం చేసుకున్నాడు. ఆయన బుద్ధి ఎప్పుడూ ఇంతే. పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మడం ఉండదు. చూడాలి, చేసి చూడాలి, అప్పుడే నమ్మాలి.

1763లో లండన్ తిరిగొచ్చి పళ్ల వైద్యుడితో కలిసి పనిచేశాడు. పళ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1771లో వచ్చింది. 1767లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, 1768లో సెయింట్ జార్జ్ హాస్పిటల్లో సర్జన్ అయ్యాడు, 1776లో రాజు మూడో జార్జ్‌కి సర్జన్‌గా నియమితుడయ్యాడు. 1771లో ఆన్ హోమ్ అనే కవయిత్రిని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ రాసిన పాటలకి ప్రసిద్ధ సంగీతకారుడు హైడన్ బాణీలు కట్టాడు. భార్య ముందు గదిలో సాహితీ సభలు పెడుతుంటే, భర్త వెనక గదిలో జంతువుల అస్థిపంజరాలు ఉడకబెడుతుండేవాడు. మనిషి కోపిష్టి. మాట కరుకు. నిద్ర తక్కువ, పని ఎక్కువ.

జెన్నర్ ఈయన దగ్గరికి 1770లో వచ్చి, రెండేళ్లు ఆయన ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. ఆ తర్వాత సొంతూరు వెళ్లిపోయినా ఇద్దరి మధ్యా ఉత్తరాలు ఆగలేదు. కోకిల జాతి పక్షుల దగ్గర్నుంచి రోగుల దాకా అన్నిటి గురించీ రాసుకునేవాళ్లు. గురుశిష్యులు అనడం కంటే తండ్రీకొడుకులు అంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. 1768లో విలియం హెబెర్డెన్ అనే డాక్టర్ లండన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అది 1772లో అచ్చయింది. కొంతమందికి నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే, అందులోనూ భోజనం చేసిన వెంటనే నడిస్తే, ఛాతీలో బిగబట్టినట్టు నొప్పి వస్తుందని, నిలబడిపోతే పోతుందని అందులో వివరించాడు. దానికి ఏంజైనా అని పేరు పెట్టాడు. ఎందుకు వస్తుందో మాత్రం ఆయనకి తెలియదు. ఆ వ్యాసం చదివిన ఒకాయన, నాకూ అచ్చంగా ఇలాగే ఉంది, నేను హఠాత్తుగా పోతే నా శరీరం కోసి చూడండి అని పేరు చెప్పకుండా హెబెర్డెన్‌కి ఉత్తరం రాశాడు. కొద్దిరోజులకే పోయాడు. ఆ పోస్ట్‌మార్టం చేసింది ఎవరనుకున్నారు? జాన్ హంటరే. కారణం ఏమీ దొరకలేదు. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే కరోనరీ ధమనుల్ని ఆరోజు కోసి చూడలేదని జెన్నర్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. సమాధానం ఉన్న చోటికి వేలెడు దూరం దాకా వచ్చి కత్తి ఆగిపోయింది.

మరుసటి ఏడాది, 1773 వసంతంలో, హంటర్‌కే వచ్చింది. మనసుని బాగా కష్టపెట్టిన సంగతి ఒకటి జరిగిన తర్వాత పొట్ట పైభాగంలో ఉన్నట్టుండి నొప్పి మొదలైంది. కూర్చున్నాడు, నిలబడ్డాడు, అటూ ఇటూ నడిచాడు, ఎలా ఉన్నా తగ్గలేదు. అద్దంలో చూసుకుంటే మొహం శవంలా పాలిపోయి ఉంది. నాడి పట్టుకుంటే అందలేదు. ఊపిరి దానంతటది ఆడటం లేదనిపించి, పనిగట్టుకుని పీల్చి వదలడం మొదలుపెట్టాడు. నలుగురు పెద్ద డాక్టర్లు వచ్చారు, అందులో అన్న విలియం ఒకడు. ముప్పావుగంట తర్వాత నెమ్మదించింది. గమనించండి, నొప్పి ఎక్కడ వచ్చింది? పొట్టలో. ఈరోజు మన ఇళ్లలో అయితే సోడా తాగించి పడుకోబెట్టేవాళ్లు. ఇప్పటి వైద్యులు చాలామంది దీన్ని చదివి అది గుండెపోటే అయ్యుంటుందని అంటారు.

1776లో మళ్లీ జబ్బు చేసింది. కళ్లు తిరగడం, గాల్లో తేలుతున్నట్టు అనిపించడం. విశ్రాంతి కోసం 1777లో బాత్ అనే ఊరు వెళ్లాడు. అక్కడ వేడినీటి ఊటలు ఉంటాయి, అప్పట్లో జబ్బుపడ్డ వాళ్లు అక్కడికి వెళ్లేవాళ్లు. జెన్నర్ అక్కడే గురువుని చూశాడు. చూడగానే అర్థమైపోయింది, ఇది హెబెర్డెన్ చెప్పిన ఏంజైనాయే అని.

జెన్నర్‌కి అంతకు మించి ఇంకోటి కూడా తెలుసు. ఏంజైనాతో పోయిన ఒక రోగి గుండెని కోస్తుంటే ఆయన కత్తికి గట్టిగా, గరుకుగా ఏదో తగిలింది. పైన సీలింగ్ పాతది, సున్నం పెళ్లలు రాలుతున్నాయి, ఆ ముక్కేదో పడిందేమో అని తలెత్తి చూశాడట. కాదు, కరోనరీ ధమనే గట్టిపడి ఎముక గొట్టంలా అయిపోయింది. ఆ ఒక్క క్షణంలో ఏంజైనాకి కారణం ఆయనకి తట్టింది. ఇంత పెద్ద సంగతి కనిపెట్టినవాడు ఏం చేయాలి? వెంటనే ప్రచురించాలి. జెన్నర్ ఆ పని చేయలేదు. ఎందుకంటే అచ్చయితే గురువు చదువుతాడు, తన గుండెలో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. చేయడానికి వైద్యం లేనప్పుడు తెలిసి భయపడటం తప్ప ఇంకేం మిగులుతుంది అనుకున్నాడు. ఒకరిద్దరు వైద్యులకి మాత్రం చెప్పాడు. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. జెన్నర్ చేసింది ఒప్పా తప్పా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ రోజుల్లో అయితే నేనూ అదే చేసేవాణ్ణేమో. ఈ రోజుల్లో అలా దాయడం మాత్రం ప్రాణం తీయడమే.

1785 వచ్చింది. హంటర్ జీవితంలో ఇది విచిత్రమైన సంవత్సరం. వసంతంలో జబ్బు మళ్లీ తిరగబెట్టింది, ఈసారి పూర్తి రూపంతో. మొహం ఎడమవైపు, దవడ, గొంతులో ఇబ్బందిగా మొదలై, ఎడమ చేతిలోకి దిగి బొటనవేలి మొదలు దాకా పాకేది. మెట్లెక్కినా, ఎత్తు ఎక్కినా వచ్చేది. నిలబడితే తగ్గేది. పోనుపోనూ చిన్న శ్రమకే రావడం మొదలైంది. శరీరం కదలకపోయినా మనసు కదిలితే చాలు వచ్చేది. తేనెటీగల తుట్టె పట్టే పనిలో అవి దొరుకుతాయో లేదో అన్న ఆత్రానికి వచ్చింది. తుపాకి తెచ్చేలోపు జంతువు తప్పించుకుపోతుందేమో అన్న కంగారుకి వచ్చింది. కోపం వస్తే సరే సరి. ఆశ్చర్యం ఏంటంటే, జాలి, దుఃఖం లాంటివి కలిగి కన్నీళ్లు వచ్చినా ఈ నొప్పి వచ్చేది కాదు. ఇదంతా ఆయన బావమరిది, శిష్యుడు ఎవరార్డ్ హోమ్ తర్వాత గ్రంథస్థం చేశాడు.

అదే ఏడాది డిసెంబర్‌లో హంటర్ తన జీవితంలోకెల్లా పేరుపడ్డ ఆపరేషన్ చేశాడు. ఒక బండి తోలేవాడికి మోకాలి వెనక ధమని బుడగలా ఉబ్బింది. అది పగిలితే ప్రాణం పోతుంది. అప్పట్లో చాలామంది కాలు తీసేసేవాళ్లు. హంటర్ ఏం చేశాడంటే, ఉబ్బిన చోట ముట్టుకోకుండా, పైన తొడలో ఆరోగ్యంగా ఉన్న చోట ధమనిని దారంతో కట్టేశాడు. పెద్ద రోడ్డు మూస్తే బండ్లు సందుల్లోంచి వెళ్లినట్టు, రక్తం పక్కనున్న చిన్న ధమనుల్లోంచి దారి చేసుకుని కాలికి చేరుతుందని ఆయన నమ్మకం. అలాగే జరిగింది. మరుసటి జనవరి నెలాఖరుకి ఆ మనిషి తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లాడు. మూసుకుపోయిన ధమనికి శరీరం వేరే దారి వెతుక్కుంటుందని ప్రపంచానికి చూపించినవాడికి, తన సొంత గుండె ధమనులు మూసుకుపోతున్నాయని తెలియదు.

ఇక్కడ మన సబ్జెక్ట్ కొంచెం. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిన పాయిజీ సూత్రం గుర్తుందా? సన్నటి పైపులో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. ధమని అచ్చంగా నిటారు పైపు కాదు, కానీ దెబ్బ ఎంత వేగంగా పెరుగుతుందో అర్థం కావడానికి ఇది చాలు. మరి ఇంత పూడిక పడ్డా కూర్చున్నప్పుడు ఏమీ తెలియదెందుకు? కింద ఉన్న చిన్న రక్తనాళాలు వెడల్పై సర్దుకుంటాయి. విశ్రాంతిలో ఉన్న గుండెకి అది సరిపోతుంది. మెట్లెక్కినప్పుడు గుండెకి ఎన్నో రెట్లు రక్తం కావాలి. వెడల్పు కావాల్సినవి ముందే అయిపోయాయి, ఇక నిల్వ లేదు. మామూలుగా ధమని 70 శాతం దాకా పూడాకే శ్రమలో నొప్పి తెలుస్తుందంటారు. అంటే మొదటి నొప్పి వచ్చేసరికే లోపల చాలా కథ నడిచిపోయి ఉంటుందన్నమాట.

కోపం సంగతీ అంతే. కోపంలో గుండె వేగం, రక్తపోటు రెండూ పెరుగుతాయి. గుండె కండరానికి రక్తం ముఖ్యంగా అందేది గుండె సడలినప్పుడు, అంటే రెండు కొట్టుకోవడాల మధ్య. వేగం పెరిగితే ఆ వ్యవధి తగ్గిపోతుంది. అవసరం పెరిగి సరఫరా తగ్గుతుంది. ఇక దవడలో, చేతిలో నొప్పి ఎందుకంటే, గుండె నుంచి వచ్చే నరాలు, ఎడమ చేతి నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గరదగ్గర చోట్లకే చేరతాయి. సిగ్నల్ ఎక్కడిదో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. గుండె పిలిస్తే చెయ్యి పిలిచినట్టు వినబడుతుంది.

1789 డిసెంబర్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉండగా హంటర్‌కి అరగంట పాటు జ్ఞాపకం పోయింది. తాను ఊళ్లో ఏ మూల ఉన్నాడో తెలియలేదు. అయినా పని ఆపలేదు. పొద్దున్నే లేచి శవాలు కోయడం, రోగుల్ని చూడటం, రాత్రి దాకా పాఠాలు. తన ప్రాణం తనకి కోపం తెప్పించగల ప్రతివాడి చేతిలో ఉందని ఆయనకి తెలుసు, నలుగురికీ చెప్పేవాడు కూడా. కానీ కోపం మానలేకపోయాడు.

1793 అక్టోబర్ 16. సెయింట్ జార్జ్ హాస్పిటల్లో సమావేశం. తోటి సర్జన్లతో ఆయనకి చాలాకాలంగా పడటం లేదు. ఆరోజు గొడవ ఇద్దరు స్కాట్లాండ్ కుర్రాళ్లని విద్యార్థులుగా చేర్చుకోవడం గురించి. హంటర్ వాళ్ల తరఫున మాట్లాడుతుంటే ఎవరో అడ్డు చెప్పారు. ఆయన మాట మధ్యలో ఆపేసి, కోపాన్ని దిగమింగుకుంటూ పక్కగదిలోకి వెళ్లాడు. ఒక్క మూలుగు మూలిగి, అక్కడున్న డాక్టర్ చేతుల్లో ఒరిగిపోయాడు. అరవై అయిదేళ్లు.

హోమ్ పోస్ట్‌మార్టం చేశాడు. కరోనరీ ధమనులు ఎముక గొట్టాల్లా గట్టిపడి, కత్తితో అడ్డంగా కోయడమే కష్టమైంది. జెన్నర్ అప్పుడెప్పుడో చెప్పిందే నిజమైందని ఆయనకి ఉత్తరం రాశాడు. జెన్నర్ స్నేహితుడు కాలెబ్ పారీ 1799లో ఏంజైనా మీద పుస్తకం వేసినప్పుడు జెన్నర్ పరిశీలన బయటి ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది హంటర్ పోగుచేసిన దాదాపు 14,000 నమూనాల్ని బ్రిటిష్ ప్రభుత్వం 15,000 పౌండ్లకి కొని సర్జన్ల సంఘానికి అప్పగించింది. 1859లో ఆయన అస్థికల్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీకి మార్చారు.

హంటర్ పోయిన తర్వాత వైద్యం ఆయన నొప్పి దగ్గరికి చేరడానికి చాలాకాలం పట్టింది. 1879లో విలియం మరెల్ అనే లండన్ డాక్టర్, పేలుడు పదార్థంగా మనకి తెలిసిన నైట్రోగ్లిసరిన్ ఏంజైనాని తగ్గిస్తుందని ప్రచురించాడు. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇప్పటికీ అదే. 1977లో ఆండ్రియాస్ గ్రూన్‌జిగ్ అనే డాక్టర్ జూరిక్‌లో మొదటిసారి మెలకువగా ఉన్న రోగి కరోనరీ ధమనిలోకి సన్నటి బెలూన్ పంపి పూడికని తెరిచాడు. తొలి బెలూన్లు ఆయన ఇంట్లో వంటగది బల్ల మీద చేసుకున్నవి. తెరిచిన ధమని మళ్లీ మూసుకుపోకుండా లోహపు జాలీ గొట్టాన్ని నిలబెట్టడం 1986లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలో మొదలైంది. అదే స్టెంట్. ఆ పేరు చార్లెస్ స్టెంట్ అనే లండన్ పళ్ల వైద్యుడి నుంచి వచ్చిందని చెబుతారు. పళ్ల అచ్చులు తీయడానికి ఆయన చేసిన పదార్థం పేరు అలా అలా ఇక్కడిదాకా వచ్చింది. పళ్ల మీద పుస్తకం రాసిన హంటర్‌కి ఇది తెలిస్తే నవ్వుకునేవాడేమో.

హంటర్ కథలో నన్ను బాగా కుదిపింది ఒక్కటే. ఆయన గుండె ఇరవై ఏళ్లు చెబుతూనే ఉంది. పొట్టలో చెప్పింది, దవడలో చెప్పింది, బొటనవేలి దాకా వచ్చి చెప్పింది. ఆయన వినలేదని కాదు, చక్కగా విన్నాడు. కానీ విన్నా చేయడానికి ఏమీ లేదు. మనకి ఈసీజీ ఉంది, ట్రెడ్‌మిల్ టెస్ట్ ఉంది, యాంజియోగ్రామ్ ఉంది, మందులున్నాయి, అవసరమైతే స్టెంట్ ఉంది, బైపాస్ ఉంది. మన ఇళ్లలో లేనిది వినడమే.

అందుకని ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగున్నారా అని వదిలేయకుండా కాస్త విడమరిచి అడగండి. ఇదివరకు గబగబా ఎక్కే మెట్లు ఇప్పుడు మధ్యలో ఆగి ఎక్కుతున్నారా? నడుస్తుంటే ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, ఆగితే తగ్గుతోందా? భోజనం చేసి నడిస్తే ఎక్కువవుతోందా? దవడో, మెడో, ఎడమ చెయ్యో, వీపో లాగుతోందా? కారణం లేని ఆయాసం, నీరసం ఉన్నాయా? షుగర్ ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, వయసు పైబడ్డవాళ్లకి నొప్పి స్పష్టంగా తెలియకుండా ఆయాసం, వికారం, అలసట లాగానే రావచ్చు. అమ్మ అలసిపోయానంటే పనెక్కువై అనుకుని ఊరుకోవద్దు. శ్రమకి వచ్చి ఆగితే పోయే నొప్పి అయితే ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. స్టెంటా, మందులా అన్నది పరీక్షలు చూసి వాళ్లు తేలుస్తారు, ప్రతి పూడికకీ స్టెంట్ అక్కర్లేదు. కొత్తగా మొదలైనా, రోజురోజుకీ తక్కువ శ్రమకే వస్తున్నా ఇంకా తొందరపడాలి. కదలకుండా కూర్చున్నప్పుడు వచ్చినా, పది పదిహేను నిమిషాలకి తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లనివ్వద్దు. గుండెపోటులో ఆలస్యమైన ప్రతి నిమిషం కొంత గుండె కండరాన్ని తీసుకుపోతుంది.

నాన్న గ్యాసే అంటారు. అననివ్వండి. ఈసీజీ తీయించాక కూడా అది గ్యాసే అని డాక్టర్ అంటే, అంతకంటే మంచి వార్త ఏముంటుంది?